మా పక్క ఊరి కుర్రాళ్ళ కోత మిషన్: చిన్న రైతుగా నా అనుభవం

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద మాకు మూడెకరాలుంది. అన్నీ చిన్న మళ్ళు, అవి కూడా రెండు చోట్ల. ఇలాంటి పొలానికి కోత మిషన్ దొరకడం ఎంత కష్టమో చిన్న రైతులకు తెలుసు. సీజన్‌లో బయటి రాష్ట్రాల మిషన్లు వస్తాయి, వాటి వరస మధ్యవర్తి చేతిలో ఉంటుంది. పదెకరాల వాళ్ళది ముందు, మనది చివర. ఏప్రిల్‌లో మబ్బు పట్టిందంటే ఇక నిద్ర ఉండదు.

రెండు యాసంగుల నుంచి పక్క ఊరి కుర్రాళ్ళతో కోయిస్తున్నాను. నలుగురు స్నేహితులు, అందరూ ముప్పై లోపు వాళ్ళే. ఒకరు డీజిల్ మెకానిక్ ఐటీఐ చదివారు, ఒకరు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చారు. కలిసి కౌలుకు వరి వేస్తారు. చైన్ మిషన్ (టైర్లకు బదులు చైన్ల మీద నడిచే కోత మిషన్), ట్రాక్టర్లు, గడ్డి కట్టలు కట్టే బేలర్, మందు కొట్టే డ్రోన్ కిరాయికి ఇస్తారు.

నాకు బాగా నచ్చింది వాళ్ళ నోట్‌బుక్. ముందు చెప్పిన వాళ్ళ పేరు ముందు. ఎన్ని ఎకరాలని చూడరు. చైన్ మిషన్‌కు గంటకు 3,000 రూపాయలు తీసుకున్నారు. మడిలో దిగాకే టైం మొదలు. మధ్యలో డీజిల్ పోసుకున్నా, బెల్టు తెగినా ఆ నిమిషాలు తీసేస్తారు. గంట కిరాయిలో గొడవలన్నీ వచ్చేది అక్కడే.

పోయిన యాసంగిలో మిషన్ రావాల్సిన ముందు రోజు మెకానిక్ అబ్బాయి వచ్చి కంకులు నలిపి చూశాడు. "చిన్నమ్మా, కింది గింజ ఇంకా పచ్చిగుంది. నాలుగు రోజులు ఆగుదాం, మీ వరస ఎక్కడికీ పోదు" అన్నాడు. తేమ కొలిచే మిషన్‌లో 24 శాతం చూపించింది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే కాంటా పెట్టరు. పచ్చి వడ్లు కోసి కల్లంలో పోసుకుంటే ఎండ కోసం, వాన రాకుండా దేవుడికి దండం పెట్టుకుంటూ కూర్చోవాలి. గంటల లెక్కన సంపాదించే వాళ్ళు ఆగమని చెప్పడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ పిల్లాడి మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

కోత కూడా శ్రద్ధగా చేస్తారు. మంచు ఆరాకే దిగుతారు. వెనక పడే గడ్డి విదిలించి చూసి, గింజ పోతుంటే ఫ్యాను గాలి తగ్గిస్తారు, తాలు ఎక్కువొస్తే పెంచుతారు. గట్లు తొక్కి పాడు చేయరు.

డ్రోన్ పది లీటర్ల ట్యాంకుది, ఎకరం పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ కరెంటు తీగలున్న మడికి కొట్టరు, అక్కడ మళ్ళీ వీపున మోసి మందు కొట్టే తైవాన్ పంపే.

బేలర్ ఒక్కటే ఉండడం మాత్రం పెద్ద లోటు. కోత అయి వారం దాటినా రాలేదు. ఈలోగా వాన పడి గడ్డి నల్లబడింది, బర్రెలు మూతి పెట్టలేదు. గడ్డి బయట కొనాల్సి వచ్చింది. ఆలస్యమవుతుందని ముందే చెప్పి ఉంటే కూలీలను పెట్టి వాము వేయించేదాన్ని. ఈ మాట వాళ్ళ మొహం మీదే చెప్పాను. వచ్చే సీజన్‌కు ఇంకో బేలర్ తెస్తామన్నారు, తేవాలి కూడా.

వానాకాలం దమ్ముకు, కోతకు మళ్ళీ వాళ్ళకే చెప్పాను. మీరు పిలవాలనుకుంటే కంకి వంగగానే వెళ్ళి పేరు రాయించుకోండి. గడ్డి కావాలంటే బేలర్ వచ్చే తేదీ కూడా అప్పుడే రాయించండి.