ఒంటరిగా ఒక్కరోజు: నాగార్జునకొండా, సోమశిలా?

హైదరాబాద్ నుంచి ఒక్కడినే కారేసుకుని పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలంటే రెండూ కుదురుతాయి. నాగార్జునకొండకి లాంచీ ఎక్కే నాగార్జునసాగర్ దాదాపు 150 కిలోమీటర్లు, కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఇంకాస్త దూరం.

నాగార్జునకొండ ఇప్పుడు నిజంగా దీవే. సాగర్ డ్యామ్ నీళ్లలో లోయ మునగకముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలు అక్కడున్నాయి. సున్నపురాతి పలకల మీద వేలెడంత మనుషులు, వాళ్ల చేతులకి గాజులతో సహా! చూస్తుంటే టైమే తెలియదు. కానీ లాంచీ మన చేతిలో ఉండదు, తిరుగు లాంచీ టెన్షన్ వేరే. శుక్రవారం మ్యూజియం సెలవు.

సోమశిలలో ఆ తొందర లేదు. కృష్ణ ఒడ్డున ఆరేసిన వలలు, అవతల నల్లమల కొండలు, పళ్లెంలో వేడివేడి చేప వేపుడు. అలసిపోయి ఉంటే సోమశిలే. మొదటిసారైతే మాత్రం కొండకే వెళ్లండి, శుక్రవారం తప్పించి.