క్రోంపేటలో తంగేడు పువ్వు దొరికింది, కానీ...

మాది సిద్దిపేట దిక్కు. అక్కడ రాళ్ల గుట్టల మీద, చెలకల గట్ల వెంబడి, ఎవరూ నీళ్లు పోయకున్నా తంగేడు పచ్చగా పూస్తది. డబ్బులు పెట్టి కొనాల్సి వస్తదని కలలో కూడా అనుకోలేదు. చెన్నైకొచ్చి నాలుగేళ్లయింది, బతుకమ్మ వస్తుందంటే ఇదే బెంగ.

మా క్రోంపేట మార్కెట్ సందులో ఒక నాటు మందుల కొట్టుంది. తంగేడంటే అర్థం కాలేదు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే పెద్దాయన నవ్వి "ఆవారంపూమ్మా! కాంజదా, పొడియా?" అన్నాడు, ఎండిందా పొడా అని. ఎండు పువ్వు 100 గ్రాములు 60 రూపాయలు, కాగితం పొట్లం.

ఎండు పువ్వు బాగుంది. వేడినీళ్లలో ఒకటి వేసి చూశా. ముడుచుకున్న ఐదు రెక్కలూ మెల్లగా విచ్చుకున్నాయి. వాటి మీద గోధుమరంగు ఈనెలు, నడుమ కొడవలిలా వంగిన కేసరాలు. నీళ్లు పసుపెక్కాయి. ఎండుగడ్డి వాసన, తాగాక నాలుక మీద కాస్త వగరు. ఇక్కడ షుగర్‌కని తాగుతారు. మా అత్తమ్మ కూడా మొదలుపెట్టింది, మాత్రలు మాత్రం మానొద్దని గట్టిగా చెప్పా.

పొడి జోలికి పోకండి. మట్టిరంగు, నలిపితే పుల్లలు. కాడా ఆకూ అన్నీ కలిపి ఆడించినట్టుంది.

అసలు గొడవ పచ్చి పువ్వుతో. ఎండు పువ్వుతో బతుకమ్మ పేర్చలేం కదా! రెండు రోజుల ముందు చెబితే చెంగల్పట్టు వైపు నుంచి తెప్పిస్తానన్నాడు. 150 రూపాయలు ముందే ఇచ్చా. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున రావాల్సింది మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో ఉడికి సగం రెక్కలు రాలిపోయాయి. మిగిలినవి పై వరసకే సరిపోయాయి, కింద అంతా కోయంబేడు మార్కెట్ బంతి, కోడిజుట్టు పూలే. పైసలు వాపసు అడిగితే "పూవు కదమ్మా" అన్నాడు.

ఒకప్పుడు తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసేవాళ్లు. తర్వాత క్రోమియం వచ్చింది. ఆ క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్లే మా పేటకి ఈ పేరు. తంగేడు పని లాక్కున్న చోటే కూర్చుని తంగేడు వెతుక్కుంటున్నా, చూడండి నా రాత.

పెద్దాయన మాత్రం మంచోడు. "ఆవారై పూత్తిరుక్క సావారై కండదుండో" అని సామెత చెప్పాడు. ఆవారం పూసి ఉండగా చచ్చేవాళ్లను చూశారా అని. భోగికి గుమ్మానికి కట్టే కాప్పులో వేపాకుతో పాటు ఇదీ పెడతారట. అప్పుడైతే తాజాది రోడ్డు మీదే అమ్ముతారు, రమ్మన్నాడు. నాకు కావాల్సింది జనవరిలో కాదు కదా.

ఎండు పువ్వుకి మళ్లీ వెళ్తా. పచ్చి పువ్వుకైతే వచ్చే ఏడు ఒక వెదురు బుట్ట నేనే ఇచ్చి, పైసలు పువ్వు చూశాకే ఇస్తా.