అనంతపురం – గుత్తి పల్లెవెలుగు: కండక్టర్లకి నాలుగు స్టార్లు, సీటు దగ్గర మాత్రం మనం మారాలి

అనంతపురం బస్టాండు నుంచి గార్లదిన్నె, పామిడి మీదుగా గుత్తికి పోయే పల్లెవెలుగు సర్వీసుకి నేను ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా. ఆ నాలుగూ కండక్టర్లవి. తగ్గించిన ఒక్కటి మన ప్రయాణికుల వల్ల తగ్గింది.

బస్సు సంగతి త్వరగా చెప్పేస్తా. ఒక పక్క ముగ్గురి సీట్లు, ఇంకో పక్క ఇద్దరి సీట్లు, ప్రతి ఊర్లో ఆగుతుంది, కాబట్టి టైము పడుతుంది. తొందర ఉంటే ఎక్స్‌ప్రెస్ చూసుకోండి. మధ్య ఊర్లలో దిగేవాళ్ళకి మాత్రం ఇదే ఆధారం, అందుకే ఇందులో ముసలోళ్ళు, మూటలతో వచ్చే ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఎక్కువ కనిపిస్తారు, సీటు విషయం ఇంత పెద్దది కావడానికి కారణం కూడా అదే.

ఈమధ్య పామిడిలో నైటీల మూటలతో ఇద్దరు అక్కలు, వాళ్ళ వెనకాలే ఒక అవ్వ ఎక్కారు. అవ్వ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ముందు ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆగి, ఊపిరి తీసుకుని రెండో కాలు పైకి లాగింది. ముందు సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒక పిల్లోడు అదంతా చూశాడు, చూసి కళ్ళు మూసుకున్నాడు. కండక్టర్ తిట్టలేదు, అరవలేదు. టికెట్ మిషన్‌తో సీటు కమ్మీ మీద రెండుసార్లు కొట్టి, “ఏమప్పా, అవ్వ నిలబడింది, కొంచెం లేయి నాయనా” అన్నాడు. వాడు లేచాడు. వెంటనే ఆయన వాడి కాలేజీ బ్యాగు తీసుకుని అవ్వ ఒళ్ళో పెట్టి, “అవ్వా, అబ్బోడు లేచినాడు కదా, వాని బ్యాగు నువ్వు పట్టుకో” అన్నాడు. బరువు తగ్గేసరికి పిల్లోడి ముఖం కూడా మామూలైంది. సర్వీసు అంటే ఇదండీ. చట్టాలు చెప్పకుండా, ఎవరి పరువూ తీయకుండా పని జరిగింది.

ఇప్పుడు అసలు బాధ. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకి ఉచితం. ఆధార్ కార్డో, ఓటరు కార్డో చూపిస్తే జీరో టికెట్ కొడతారు. అప్పటి నుంచి “డబ్బులు పెట్టి టికెట్ కొన్నోళ్ళం మేం నిలబడాలా, ఊరికే వచ్చేవాళ్ళు కూర్చోవాలా” అని గట్టిగా, అందరికీ వినపడేలా అనేవాళ్ళు ఎక్కువయ్యారు. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. జీరో టికెట్ కూడా టికెట్టే, దాని డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి లెక్క కడుతుంది. అరవై దాటినవాళ్ళకి పావు వంతు రాయితీ ఉంది, అంత మాత్రాన తాతను ముప్పావు వంతే కూర్చోమంటామా? ఛార్జీ ఎవరు కట్టారన్నది ఒక లెక్క, ఎవరు నిలబడలేరన్నది ఇంకో లెక్క, ఈ రెండూ కలపొద్దు. “స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం” అని బస్సుల్లో రాసింది ఈ పథకం రాకముందు ఎన్నో ఏళ్ళ నుంచి ఉంది.

అలాగని కూర్చున్న ప్రతి కుర్రాణ్ణీ లేపేయమని నేను అనను. నడుము డిస్కు జారినోళ్ళు, డయాలసిస్ చేయించుకుని ఇంటికి పోతున్నోళ్ళు, షుగర్ డౌన్ అయినోళ్ళు పైకి బాగానే కనిపిస్తారు. మూడో నెల గర్భిణి కూడా అంతే, వాంతులూ కళ్ళు తిరగడం ఎక్కువగా ఉండేది అప్పుడే, కడుపు మాత్రం కనపడదు. అందుకే ఒకరినే వేలు పెట్టి చూపించకుండా “ఎవరైనా కొంచెం సీటు ఇస్తారా, నిలబడలేకపోతున్నా” అని అడగడం మంచిది. అడగడానికి మొహమాటపడి గుత్తి దాకా కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. అడగండి అక్కా, మనోళ్ళు చాలామంది అడిగితే లేస్తారు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మనం లేచి ఒక పెద్దాయనకి సీటిస్తాం. ఆయన గార్లదిన్నెలో దిగేటప్పుడు వెనక నిలబడిన తన ఊరాయన్ని పిలిచి “రాప్పా, ఇక్కడ కూచో” అని అప్పజెప్పి పోతాడు. ఇది తప్పండీ. పక్కన ఇంకో ముసలావిడో, బిడ్డతల్లో ఉంటే వాళ్ళకి, లేకపోతే మొదట ఇచ్చినవాళ్ళకే ఆ సీటు తిరిగి రావాలి. అట్లా జరిగితేనే ఆ మనిషి రేపు మళ్ళీ లేస్తాడు.

కిటికీలోంచి టవలు వేసి మూడు సీట్లు ఆపే అలవాటు ఇంకా పోలేదు. టవలు వేసినోడు తీరిగ్గా టీ తాగి వస్తాడు, అప్పటిదాకా చంటిబిడ్డతో తల్లి ఆ ఖాళీ సీటు పక్కనే నిలబడాలి. ఇలాంటప్పుడు కండక్టర్ టవలు తీసి పక్కన పెడితే దయచేసి ఆయన మీదికి పోకండి, బస్సులో ఉన్నవాళ్ళంతా ఆయన వైపు ఒక్క మాట అనండి. చిన్నపిల్లల్ని సీట్లో పడుకోబెట్టేవాళ్ళూ అంతే, అయిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్టే లేదు, రద్దీలో ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి.

పెద్దోళ్ళని తీసుకుపోయేవాళ్ళకి నా సలహా: పొద్దున కాలేజీల టైము, సాయంత్రం అవి వదిలే టైము తప్పించుకుని పదిన్నర తర్వాత ఎక్కించండి. దారిలో ఎక్కించకుండా బస్టాండుకే తీసుకుపోండి, సీటు దొరుకుతుంది. ఎక్కగానే కండక్టర్‌కి “అవ్వకి మోకాళ్ళ నొప్పి” అని ఒక మాట చెప్పి పెట్టండి, మిగతాది ఆయన చూసుకుంటాడు.