మడత పడని ట్రైపాడ్: నాలుగేళ్ళు వాడాక

కార్బన్ ఫైబర్ ట్రావెల్ ట్రైపాడ్, అంటే కెమెరా నిలబెట్టే తేలికపాటి మూడుకాళ్ళ స్టాండ్. తలతో కలిపి కిలోన్నర లోపు, మడిస్తే మోచేతంత. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నా గొడవ కంపెనీతో కాదు, ఒకదాంట్లోంచి ఒకటి లాగే కాళ్ళ అరల్ని తిప్పి బిగించే ఆ లాక్‌లతో. కొన్న ఆర్నెల్లకి "లాక్‌లు వెన్నలా తిరుగుతున్నాయి, కళ్ళు మూసుకుని కొనేయండి" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పాను. నా మాట నమ్మి ఇద్దరు కొన్నారు కూడా. వాళ్ళకోసమైనా ఇది రాయాలి.

వెన్నలా తిరగడం అబద్ధం కాదు. వనజంగిలో మబ్బుల కోసం, లంబసింగిలో మంచు కోసం ఎన్ని తెల్లవారుజాములు తిప్పానో లెక్కలేదు. భీమిలి ఇసుకలో కాస్త కిరకిరమనేది, ఇంటికొచ్చి కుళాయి కింద పెడితే మళ్ళీ మామూలే. అసలు కథ నేపాల్లో మొదలైంది.

నవంబర్లో నలుగురం అక్కడి హిమాలయాల్లో అన్నపూర్ణ బేస్ క్యాంప్‌కి నడిచి వెళ్ళాం, కేవలం ఫొటోల కోసం. అమావాస్య రాత్రి పైన ఉండేలా తేదీలు చూసుకున్నాం. దారిలో ఉల్లేరి ఊరి దగ్గర రాతిమెట్లు చూసి, అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాణ్ణి నాకు ఇదెంత అనుకున్నా. అలిపిరిలో దారంతా గోవిందా గోవిందా అంటూ ఎక్కేస్తాం. ఇక్కడ వెనకనుంచి కంచరగాడిదల గంటలు వినబడితే కొండవైపుకి ఒదిగి నిలబడ్డమే. మా బావ (చిన్నప్పటి స్నేహితుడు, వరసకి బావే) రెండున్నర కిలోల పాత అల్యూమినియం ట్రైపాడ్ మోస్తూ దారంతా నన్ను చూసి కుళ్ళుకున్నాడు. ఆ మూడు రోజులూ నా ట్రైపాడంత గొప్పది లేదు.

తప్పు నేనే చేశాను. దోవాన్ అనే మజిలీ దాటాక మోదీ ఖోలా ఏటి ఒడ్డున నీళ్ళు పాలనురగలా రావాలని కాళ్ళు మూడూ రెండో లాక్ మునిగేదాకా ఏట్లో దించాను. అది మన సెలయేటి నీళ్ళలాంటిది కాదు. మంచునది నూరిన రాతిపొడితో బూడిదరంగులో ఉంటుంది. ఫొటో బాగా వచ్చింది. తడి కూడా తుడవకుండా మడిచి సంచిలో దోపేశాను.

బేస్ క్యాంప్ 4,130 మీటర్ల ఎత్తు. రాత్రి సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగ్‌లో నాతోనే పడుకున్నాయి. ట్రైపాడ్‌కి ఆ భాగ్యం లేదు, వరండాలో ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి బయటికి తీసి తిప్పబోతే కింది రెండు లాక్‌లూ కదల్లేదు. లోపలి నీళ్ళు గడ్డకట్టి అతుక్కుపోయాయి. పై అర మాత్రం తెరుచుకుంది, అంటే మోకాలెత్తు. ముందంతా డౌన్ జాకెట్ల వీపులు, తల మీద టార్చీలు. నా కెమెరాకి అన్నపూర్ణ సౌత్ శిఖరం కనబడాలంటే వాళ్ళంతా కూర్చోవాలి.

లాడ్జ్ నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి దాని మీద నిలబెట్టాను. ఇరవై సెకన్ల ఎక్స్‌పోజర్, అంటే అంతసేపూ కెమెరా కదలకూడదు. కుర్చీ కాళ్ళు ఊగుతున్నట్టు కంటికి తెలియలేదు గానీ ఫొటోలో తెలిసింది: ఒక్కో చుక్కా జీలకర్ర గింజలా సాగింది. పక్కన మా బావ తన ట్రైపాడ్ క్లిప్ లాక్‌లు (తిప్పేవి కాదు, మీట ఎత్తితే తెరుచుకునేవి) టక్ టక్ టక్ అని తెరిచి పని మొదలెట్టేశాడు. అల్యూమినియం చల్లదనానికి చేతులు కొంకర్లు పోతున్నాయని ఒకటే గోల. నా కార్బన్ కాళ్ళు పట్టుకుంటే అంత చల్లగా ఉండవు, అదొక్కటే అప్పుడు నాకున్న ఓదార్పు.

రాత్రి లాడ్జ్ దీదీ దగ్గర కొన్న వేడినీళ్ళు ఫ్లాస్క్‌లో ఇంకా వెచ్చగానే ఉన్నాయి. లాక్‌ల మీద పోశాను. తెరుచుకున్నాయి! పూర్తిగా లాగి, బిగించి, ఓ పావుగంట రాజాలా ఫొటోలు తీశాను. ఆ పోసిన నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయన్న ఆలోచన మాత్రం రాలేదు. అన్నపూర్ణ మీద ఎండ పడి బంగారం పూసినట్టయింది, తీసుకున్నాం, టిఫిన్ తిన్నాం, సర్దుకుందామంటే ట్రైపాడ్ ఈసారి మడత పడనంది.

దాన్ని అలాగే భుజాన వేసుకుని దిగాను. నాలుగడుగుల పైచిలుకు కట్ట, ముందో జానెడు, వెనక మూడడుగులు. ఎదురొచ్చే ప్రతివాళ్ళకీ పక్కకి తిరిగి దారివ్వాలి. "ఏం బావా, కొబ్బరికాయలు దింపడానికొచ్చావా?" అన్నాడు మావాడు, అన్నపూర్ణంత ఆనందంతో. మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్‌లో ఎండకి పెట్టి టీ తాగేలోపు మెత్తబడింది.

ఇంటికొచ్చి విప్పితే లాక్ లోపలి సగంచెక్కల్లాంటి ప్లాస్టిక్ ముక్కల మీద మేకప్ పౌడరంత మెత్తటి ఇసుక. కడిగి, నీడలో ఆరబెట్టి, కాస్త గ్రీజు రాస్తే మళ్ళీ తిరుగుతోంది. వెన్నలా అనను, పేరిన నెయ్యిలా. ఒక ముక్క అరిగింది. దాని బదులు కొత్తది సర్వీస్ సెంటర్ వాళ్ళు నెలపైగా తిప్పించి పంపారు.

ఫొటోలన్నీ ఒకచోట వేసుకున్నాక ఇంకోటి బయటపడింది. నేపాల్ టైం మనకంటే 15 నిమిషాలు ముందు. నేను కెమెరాలో మార్చుకున్నాను, మా బావ మార్చలేదు. వాడి మంచి ఫొటోకి 4:21 ఉంటే, పదిహేను కలిపి చూశాను. సరిగ్గా నేను కుర్చీతో కుస్తీ పడుతున్న సమయం. మా హాల్లో ఫ్రేం కట్టించి పెట్టింది వాడి ఫొటోనే.

కొనొచ్చా అంటే, నాకు నలభై ఆరు, కుడి మోకాలు అంతంతమాత్రం, పోర్టర్‌ని పెట్టుకునే అలవాటు లేదు. కాబట్టి మళ్ళీ ఇదే కొంటాను. నీళ్ళలో దిగి తీసేవాళ్ళయితే, గడ్డకట్టే చోటికి వెళ్ళేవాళ్ళయితే, బరువు మోయగలిగితే, క్లిప్ లాక్ వైపు చూడండి. నేనిప్పుడు ఏటి దగ్గర కాళ్ళకి కర్రీ పాయింట్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేస్తున్నాను. చూడ్డానికి బాలేదు గానీ పోయిన వారం తాటిగూడ జలపాతంలో చుక్క నీరు లోపలికి పోలేదు, ఒక కవరుకి మాత్రం ఇంకా సాంబారు వాసనుంది.