స్కైరిమ్ ఎనిమిదేళ్ళు ఆడాక: తాలోస్ గురించి నా మాట

మాది పర్లాకిమిడి. ఎనిమిదేళ్ళ నుంచీ స్కైరిమ్ అనే ఈ కంప్యూటర్ గేమే ఆడుతున్నాను, మొదట్లో ఇంటర్ సెలవుల్లో అన్నయ్య ల్యాప్‌టాప్ మీద, ఇప్పుడు డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిన్నాక రాత్రిళ్ళు. గేమ్ 2011 నవంబర్ 11న వచ్చింది, నా దగ్గరున్నది 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్, దానికి 8 జీబీ ర్యామ్ ఉండాలి, తక్కువుంటే దీని జోలికి వెళ్ళకండి. డ్రాగన్ల గురించి, కొండల అందం గురించి అందరూ రాసేశారు, నేను చెప్పాలనుకున్నది తాలోస్ గురించి.

తెలీనివాళ్ళ కోసం చెప్తున్నా. తాలోస్ ఒకప్పుడు మనిషే, టైబర్ సెప్టిమ్ అనే చక్రవర్తి, పోయాక దేవుడయ్యాడని జనం నమ్మకం, ఎనిమిది మంది దేవుళ్ళ పక్కన తొమ్మిదోవాడు. అక్కడి లెక్కలో నాలుగో యుగం 171లో ఎల్ఫ్‌లనే వేరే జాతితో యుద్ధం వచ్చింది, 175లో టైటస్ మీడ్ చక్రవర్తి సంధి చేసుకున్నాడు, వైట్ గోల్డ్ కాంకోర్డాట్ అంటారు, అందులో ఒక షరతు ఇకమీదట తాలోస్‌ని ఎవరూ కొలవకూడదని. మనిషి దేవుడయ్యాడంటే థాల్మోర్ అనే ఎల్ఫ్ పాలకులు సహించలేరు, అదీ సంగతి. మన కథ 201లో మొదలవుతుంది.

మొదట్లోనే హెల్గెన్ అనే ఊళ్ళో తలలు నరికే చోట పూజారిణి ఆశీర్వాదం చదువుతుంది చూడండి, ఎనిమిది మంది దేవుళ్ళ పేరు మీద అంటుంది. ఎనిమిదే. అంతలో ఖైదీ ఒకడు తాలోస్ పేరెత్తి ఇంక ఆపమని కసిరి తనే ముందుకు నడిచి మెడ పెట్టేస్తాడు. మొదటిసారి నాకేం ఎక్కలేదు, మూడోసారి ఆడుతుంటే ఆ "ఎనిమిది" చెవిన పడింది, గేమ్ ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

సాలిట్యూడ్ గుడిలో ఇంకా బాధేస్తుంది. గోడల వెంట దేవుళ్ళందరికీ గూళ్ళుంటాయి, ఒక్క గూడు మాత్రం ఖాళీ. మా మామ్మ దేవుడి గదిలో జగన్నాథుడు, బలభద్రుడు, సుభద్ర, పక్కనే పాతపట్నం నీలమణి దుర్గమ్మ ఫొటో, అన్నిటికీ ఒకటే దీపం. ఒకసారి సున్నాలేయడానికి అమ్మవారి ఫొటో దించితే దాని వెనక గోడ ఆ ఫొటో మేర తెల్లగా ఉంది, చుట్టూ దీపం మసి. మామ్మ ఆ రెండు రోజులూ ఆ తెల్లటి ముక్క వైపే తిరిగి దండం పెట్టుకుంది. సాలిట్యూడ్‌లో ఆ గూడు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

రివర్‌వుడ్‌లో కమ్మరి ఆల్వార్‌తో తీరిగ్గా మాట్లాడండి, చాలామంది దాటేస్తారు. తన చిన్నప్పుడు నిషేధం ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఇంటింటా తాలోస్ ఉండేవాడు, తిరుగుబాటు నాయకుడు ఉల్ఫ్రిక్ గోల మొదలెట్టాకే రాత్రిపూట మనుషుల్ని ఎత్తుకుపోవడం మొదలైంది అంటాడు. సంతకం పెట్టేవాళ్ళు ఎక్కడో ఉంటారు కదా. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ 1936 ఏప్రిల్ 1 అంటారు, ఒరిస్సా వేరుపడి మా ఊరు ఇటు ఒరిస్సాలోకి, నాలుగడుగుల్లో ఉన్న పాతపట్నం అటు అయిపోయిన రోజు. అయినా మామ్మ మొక్కులు ఆ అమ్మవారికే.

మార్కార్త్‌లో నేను చేసిన పని మాత్రం ఇప్పటికీ మనసులో ఉంది. ఓండోలేమార్ అనే థాల్మోర్ అధికారి, ఓగ్మండ్ అనే ముసలి పాటగాడు తాలోస్ భక్తుడని అనుమానం, రుజువు తెమ్మంటాడు. క్వెస్ట్ కదా అని ఓగ్మండ్ ఇంట్లో దూరి తాలోస్ లాకెట్ తీసుకెళ్ళి ఇచ్చేశాను. అలాంటి లాకెట్టే నా మెళ్ళో కూడా ఉంది అప్పటికి, మంత్రాల్లా పనిచేసే అరుపులుంటాయి మనకి, వాటి మధ్య ఆగాల్సిన టైమ్ 20 శాతం తగ్గుతుందని వేసుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా ఆ పని ఒప్పుకోలేదు.

సరే, ఇవన్నీ చూశాక ఎవరైనా ఉల్ఫ్రిక్ సైన్యం స్టార్మ్‌క్లోక్‌ల వైపే వెళ్తారు, నేనూ వెళ్ళాను. విండ్‌హెల్మ్‌లో తాలోస్ గుడి ఉంది, బాహాటంగా పూజలు, ప్రాణం లేచొచ్చింది. అదే ఊళ్ళో గ్రే క్వార్టర్‌కి వెళ్ళండి, అగ్నిపర్వతం పేలి మోరోవిండ్ వదిలొచ్చిన డార్క్ ఎల్ఫ్‌లు చీకటి సందులో ఉంటారు, రాత్రి తాగొచ్చి మా ఊళ్ళోంచి పొండని వాళ్ళ మీద అరుస్తాడొకడు. ఆర్గోనియన్లనే బల్లి మనుషుల్నైతే ఊళ్ళోకే రానివ్వరు, రేవులో మూటలు మోసుకోవాలంతే. నా దేవుడు నాక్కావాలని కత్తి పట్టినవాళ్ళే పక్కవాడికి ఊళ్ళో చోటివ్వకపోతే ఎలా? ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా మాట్లాడుతూ పెరిగినదాన్ని, ఆ సందులో నడుస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

పైగా థాల్మోర్ ఎంబసీలో దొరికే ఉల్ఫ్రిక్ ఫైల్ చదివితే థాల్మోర్‌ల అసలు రంగు తెలుస్తుంది, వాళ్ళకి ఎవరూ గెలవకూడదు, యుద్ధం సాగుతూ ఉంటే చాలు.

ఇక్కడే గేమ్ మీద నా పెద్ద ఫిర్యాదు. తాలోస్‌ని ఉంచుకుని ఉల్ఫ్రిక్‌ని కాదనే దారి లేదు. చక్రవర్తి సైన్యం ఇంపీరియల్ వైపు వెళ్తే నిషేధానికి కాపలా, ఇటు వస్తే గ్రే క్వార్టర్ అలాగే ఉంటుంది. హై హ్రోత్‌గార్‌లో రెండు పక్షాలకీ జరిగే సంధి సభలో థాల్మోర్ ఎలెన్‌వెన్ కూర్చోవాలా వెళ్ళాలా అని మన మాట తీసుకుంటారు, నేను పొమ్మన్నాను, ఆ ఒక్కచోట సంతోషం వేసింది, కానీ నిషేధం ఎత్తేయమని అడిగే డైలాగ్ ఒక్కటి కూడా లేదు మనకి.

ఇన్ని చెప్పాక కూడా 5కి 4 ఇస్తాను, దేవుడి పేరు ఒకటి కొట్టేస్తే మామూలు మనుషుల ఇళ్ళల్లో ఏం జరుగుతుందో ఇంత దగ్గరగా చూపించిన గేమ్ ఇంకొకటి నేను ఆడలేదు. ఇప్పటి సేవ్‌లో నేను ఏ సైన్యంలోనూ చేరలేదు. రోడ్డు మీద ఖైదీని నడిపించుకుంటూ పోయే థాల్మోర్‌లు ఎదురైతే, తాలోస్‌ని కొలుస్తావా అంటే అవునంటాను, కత్తి తీస్తారు, నేనూ తీస్తాను, అయ్యాక ఖైదీ కట్లు విప్పి పంపించేస్తాను. నిన్న రాత్రి కూడా అదే చేశాను.