ఫ్యామిలీసెర్చ్: నాలుగేళ్లు వాడాక

మా అల్లుడిది అమెరికాలోని మసాచుసెట్స్. వాళ్ల పూర్వీకులు 1630లలో ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చి అక్కడి ఇప్స్‌విచ్ అనే ఊళ్లో స్థిరపడ్డారని ఇంట్లో చెప్పుకుంటారు, చూపించడానికి కాగితం మాత్రం ఒక్కటీ లేదు. మనవరాలికి ఆ వంశవృక్షం రాసి ఇవ్వాలని కూర్చున్నాను, నాలుగేళ్లయింది. ఎక్కువగా వాడింది ఫ్యామిలీసెర్చ్ అనే, పూర్వీకుల పాత రికార్డులు వెతుక్కునే వెబ్‌సైట్. మోర్మన్ చర్చి నడుపుతుంది, ఉచితం, అకౌంట్ తెరిస్తే చాలు.

1850 దాకా వెనక్కి వెళ్లడం నల్లేరు మీద నడకే. బానిసలుగా ఉన్నవాళ్లని మినహాయిస్తే, ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ జనాభా లెక్కల్లో రాయడం ఆ ఏడాదే మొదలైంది. అంతకుముందు, 1790 నుంచి 1840 వరకు, ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది. భార్యాపిల్లలంతా వయసుల వారీగా అంకెలు.

అక్కడి నుంచి ఊరి రికార్డులు, వీలునామాలు, భూమి దస్తావేజులే దిక్కు. ఫ్యామిలీసెర్చ్ బలమంతా ఇక్కడే ఉంది. మసాచుసెట్స్ దస్తావేజులు 1620 నుంచీ స్కాన్ చేసి పెట్టారు. మొదట్లో పేజీ పేజీ తిప్పి చదివాను, కళ్లు లాగేసేవి. 2024లో చేతిరాతను కూడా వెతికే ఫుల్ టెక్స్ట్ సెర్చ్ వచ్చాక, మా మనవరాలి పూర్వీకుడు సాక్షి సంతకం పెట్టిన కాగితాలు కూడా బయటపడ్డాయి. పాత రోజుల్లో ఇంటిపేరుకు ఒకే స్పెల్లింగ్ ఉండేది కాదు, అక్షరాలు మార్చి మార్చి కొట్టాలి.

అలా దొరికిన ఒక దస్తావేజు నన్ను మూడు నెలలు తిప్పింది. ఒక పెద్దాయన తన పొలాన్ని ఆ పూర్వీకుడికి, ‘సన్ ఇన్ లా’ అని పేర్కొంటూ రాసిచ్చాడు. అల్లుడే కదా అని ఆ పెద్దాయనకో కూతుర్ని రాసేశాను. వేరేచోట ఎవరో పెట్టిన వంశవృక్షంలోనూ అలాగే ఉంది. కానీ ఆ కూతురు ఏ రికార్డులోనూ లేదు. 17వ శతాబ్దపు ఇంగ్లీషులో ఆ మాటకి భార్య మొదటి భర్త కొడుకు అనే అర్థం కూడా ఉండేదని తర్వాత తెలిసింది. ‘కజిన్’ అని రాస్తే అన్న కొడుకూ కావచ్చు, అక్క కూతురూ కావచ్చు. పెదనాన్నకో మాట, మేనమామకో మాట ఉన్న మనకి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. పెళ్లి నమోదు తీసి చూస్తే, ఆ పెద్దాయన పెళ్లి చేసుకునేటప్పటికే ఆయన భార్య వితంతువు. అంటే మా మనవరాలిది పొలం ఇచ్చినాయన వంశం కాదు, ఆవిడ మొదటి భర్త వంశం. ఆ మొదటి భర్త చనిపోయినప్పుడు రాసిన ఆస్తి జాబితా కూడా దొరికింది: రెండు ఆవులు, ఒక ఈకల పరుపు, ఇనప కుండ, బైబిల్. ఆ పేజీ చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

తేదీలతో జాగ్రత్త. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1641 ఏప్రిల్‌లో పెళ్లి, 1641 ఫిబ్రవరిలో బిడ్డ అని ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆ లెక్కన ఫిబ్రవరి ఏడాది చివర్లో వస్తుంది, బిడ్డ పెళ్లయిన పది నెలలకు పుట్టింది.

ఈ సైట్‌లో వంశవృక్షం అందరికీ ఉమ్మడిది, ఎవరైనా మార్చవచ్చు. అందుకే అసలు కాగితం బొమ్మ చూడనిదే నేను ఏ పేరూ రాసుకోను. కొన్ని బొమ్మలు ఇంట్లో తెరుచుకోవు, వాళ్ల సెంటర్‌కో, వాళ్లతో ఒప్పందం ఉన్న లైబ్రరీకో వెళ్లాలి. నేను నెలకోసారి లిస్టు రాసుకుని వెళ్తాను.

ఆ మొదటి భర్త ఓడ ఎక్కకముందు ఇంగ్లండ్‌లో ఏ ఊళ్లో ఉండేవాడో ఇంకా దొరకలేదు. ఇప్పుడు అక్కడి చర్చి రిజిస్టర్లు చదువుతున్నాను.