పిల్లల పోటీకి ఊరి ప్రశ్న మేలా, లోకం ప్రశ్న మేలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వంటి చోట్ల మన తెలుగు ఇళ్ల పిల్లలకు సాధారణ జ్ఞానం పోటీ పెట్టేవారి ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి లోకం ప్రశ్నల దారి: ఈఫిల్ టవర్ ఏ నగరంలో ఉంది, రెండు నోబెల్ బహుమతులు పొందిన మహిళ ఎవరు, టైటానిక్ ఏ సంవత్సరంలో మునిగింది. పోటీ పరీక్షల పుస్తకం ఏది తెరిచినా ఇవే కనిపిస్తాయి. రెండోది ఇక్కడి నేలలోంచి తీసే ప్రశ్నల దారి: జౌగడ రాతి మీద ఏముంది, ఎర్ర చీమల పచ్చడి పుల్లగా ఎందుకు ఉంటుంది, కార్తీక పౌర్ణమినాడు ఒడియా ఇళ్లవారు నీళ్లలో పడవలు ఎందుకు వదులుతారు.

ఈ రెండింటిలో ఏది మేలో తేల్చడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. జవాబు చెప్పేశాక కూడా పిల్లలు ఆ సంగతిని వదలకుండా "మరి ఎందుకలా?" అని అడగాలి. అలా అడిగించే ప్రశ్న మంచిది. కట్టడాలు, మహిళలు, వింత తిండ్లు, మునిగిన ఓడలు అనే నాలుగు అంశాల్లో ఈ కొలత నాలుగు రకాల తీర్పులు ఇస్తుంది.

కట్టడాల విషయంలో నా ఓటు పూర్తిగా ఊరికే. గంజాం జిల్లాలో రుషికుల్య దగ్గర ఉన్న జౌగడలో అశోకుడి శాసనాలు ఉన్నాయి. అశోకుడి 13వ శాసనం కళింగ యుద్ధం గురించి చెబుతుంది: లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, తరువాత చక్రవర్తి పశ్చాత్తాపపడ్డాడని. ఆ శాసనం నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉంది, గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది. కళింగ నేల మీదే ఉన్న ధౌలిలో, జౌగడలో మాత్రం లేదు. ఈ రెండు చోట్లా 11, 12, 13 శాసనాలను వదిలేసి, వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. వాటిలో "మనుషులందరూ నా బిడ్డలే" అన్న మాట వస్తుంది. యుద్ధం జరిగిన నేల మీదే ఆ యుద్ధం ఊసు ఎందుకు లేదు? ఈ ప్రశ్న వేసి చూడండి, పిల్లలు తమలో తాము వాదించుకుంటారు. ఓడి, అయినవారిని పోగొట్టుకున్న జనం ఎదుట ఆ చావుల లెక్క చదివించడానికి ఏ పాలకుడికైనా నోరు రాదని నేను అనుకుంటాను. వేరేలా అనుకునేవారూ ఉంటారు, ఉండాలి కూడా. బరంపురం నుంచి ఉదయం బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఇంత పెద్ద ప్రశ్న రాతిమీద నిలిచి ఉంది.

ఈఫిల్ టవర్ ప్రశ్నకు జవాబు "పారిస్" అనగానే ముగిసిపోతుంది. దాన్ని బతికించాలంటే మరో మెట్టు ఎక్కాలి. 1889 ప్రదర్శన కోసం కట్టిన ఆ గోపురానికి 20 ఏళ్ల అనుమతే ఉండేది, మరి ఎందుకు కూల్చలేదు అని అడగాలి. వైర్‌లెస్ సందేశాలకు అంత ఎత్తైన స్తంభం అక్కరకు వచ్చింది కాబట్టి అది నిలిచింది.

అలాగని ఊరి ప్రశ్నలన్నింటికీ ప్రాణం ఉంటుందని కాదు. ఒడిశాలో ఎత్తైన శిఖరం కోరాపుట్ జిల్లాలోని దేవమాలి, 1672 మీటర్లు. నాలుగో రాష్ట్రపతి వి.వి.గిరి బరంపురంలో 1894లో పుట్టారు. రెండూ తెలిసి ఉండవలసినవే, కానీ చెప్పేసిన తరువాత అడగడానికి ఏమీ మిగలదు. వాటి బదులు, మాచ్‌ఖండ్ జలవిద్యుత్తును ఆంధ్ర, ఒడిశా రెండూ ఎందుకు పంచుకుంటున్నాయని అడిగితే పిల్లలు పటం తెరిచి, నది ఎటు పారుతోందో, సరిహద్దు ఎక్కడుందో వెతుకుతారు.

మహిళల విభాగంలో దగ్గరా దూరమా అన్నదానికంటే "మొట్టమొదటి మహిళ ఎవరు" అనే మూస ఎక్కువ చేటు చేస్తోంది. అంతరిక్షానికి మొదట వెళ్లినది వాలెంటీనా తెరిష్కోవా, 1963. ఒడిశాకు తొలి మహిళా ముఖ్యమంత్రి నందినీ శతపథి, 1972. పేరు, ఏడు, అంతే. ఆమె ఏం చేసిందో, ఎలా చేసిందో పిల్లలకు అందదు. నేనైతే కోరాపుట్ జిల్లా కమలా పూజారిని, మేరీ క్యూరీని పక్కపక్కన నిలబెడతాను. బడి చదువు లేని కమలా పూజారి వందకు పైగా నాటు వరి రకాల విత్తనాలను కాపాడి, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. క్యూరీ 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందారు. ఆమె రాసుకున్న పుస్తకాలకు ఈనాటికీ రేడియోధార్మికత ఉంది, వాటిని సీసపు పెట్టెల్లో భద్రపరిచారు. విత్తనాన్ని ఏటా విత్తకపోతే ఏమవుతుంది, పుస్తకాన్ని సీసంలో ఎందుకు పెట్టాలి అన్న రెండు ప్రశ్నలూ ఒకే పిల్లవాడి నోట వస్తాయి. ఈ విభాగంలో సగం సగమే న్యాయం.

తిండి సంగతికి వస్తే ఊరి ప్రశ్న ముందు నడవాలి, లోకం ప్రశ్న దాని వెంట రావాలి. పురుగులు పాకే జున్ను తినేది ఎవరంటే సార్డీనియావాళ్లు అని చెప్పించి, పిల్లల చేత "ఛీ" అనిపించడం నాకు నచ్చదు. ఎందుకంటే అదే "ఛీ" రేపు బడిలో పక్క బెంచీ మీద కూర్చున్న ఆదివాసీ పిల్ల అన్నం డబ్బా మీద పడుతుంది. మయూర్‌భంజ్ ఎర్ర చీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీమల్లోని ఫార్మిక్ ఆమ్లమే ఆ పులుపుకు మూలం. మనం చింతపండు వేసే చోట వారు చీమను వేశారని చెప్పిన తరువాత ఏ పిల్లా ముఖం చిట్లించదు.

ఇంకా మంచి జత వెదురు కొమ్ములు, ఐస్‌లాండ్ సొరచేప. లేత వెదురు కొమ్ముల్లో సైనైడును వదిలే పదార్థం ఉంటుంది. అందుకే మన అమ్మమ్మలు వాటిని సన్నగా తరిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి మరీ వండుతారు. గ్రీన్‌లాండ్ సొరచేప మాంసం పచ్చిగా తింటే విషం. ఐస్‌లాండ్ జనం దాన్ని వారాల తరబడి పూడ్చిపెట్టి పులియబెట్టి, ఆపైన నెలల తరబడి గాలికి వేలాడదీసి తింటారు. అటవీ గ్రామమైనా, మంచు ద్వీపమైనా, ఆకలిగొన్న మనుషులు విషాన్ని విరగ్గొట్టే పద్ధతి కనిపెట్టారు. వెదురు కొమ్ముల సంగతి ముందు తెలిస్తేనే సొరచేప సంగతి వింతగా కాక తెలివిగా కనిపిస్తుంది.

మునిగిన ఓడల దగ్గర మాత్రం లోకం ప్రశ్నే గెలుస్తుంది, అదీ చాలా తేడాతో. స్వీడన్ యుద్ధనౌక వాసా 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, 1300 మీటర్లు సాగేసరికి స్టాక్‌హోమ్ రేవులోనే మునిగింది. పైభాగం బరువెక్కువ, గాలికి ఒరిగేసరికి తెరిచి ఉంచిన ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు జొరబడ్డాయి. అంతకుముందే 30 మంది నావికులను ఓడ ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి పరీక్షిస్తే ఓడ ప్రమాదకరంగా ఊగింది, పరీక్ష ఆపేశారు, ప్రయాణం మాత్రం ఆపలేదు. తప్పు తెలిసీ పైవాళ్లకు చెప్పలేకపోవడం ఎలాంటిదో పిల్లలకు బాగా తెలుసు. 333 ఏళ్ల తరువాత, 1961లో ఆ ఓడను దాదాపు చెక్కుచెదరకుండా పైకి తీశారు. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. ఇది వినగానే చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ వైపు పిల్లలు చిలికాలోనూ ఉప్పు తక్కువే కదా, మరి ఇక్కడ మునిగిన పడవ నిలుస్తుందా అని అడుగుతారు. నిలవదు. మన వెచ్చని నీళ్లలో తక్కువ ఉప్పుకు ఓర్చుకునే తొలుచుడు జీవులు ఉన్నాయి. దూరపు ఓడ పిల్లలను తిప్పి సొంత సరస్సు దగ్గరికే తెస్తుంది.

టైటానిక్ కూడా అంతే, ఏడు అడిగి వదిలేయకపోతే. ఓడలో సుమారు 2200 మంది ఉంటే, 20 రక్షణ పడవల్లో 1178 మందికే చోటు. అయినా నాటి బ్రిటిష్ నిబంధన 16 పడవలు చాలంది! ఓడలు పెరిగాయి, చట్టం పెరగలేదు. ఆ ఓడలో పనిచేసిన వయలెట్ జెస్సప్ 1911లో ఒలింపిక్ అనే ఓడ మరో ఓడతో గుద్దుకున్నప్పుడూ, 1912లో టైటానిక్ మునిగినప్పుడూ, 1916లో నర్సుగా ఉన్న బ్రిటానిక్ మునిగినప్పుడూ బతికి బయటపడింది. గోపాల్‌పూర్ దీపస్తంభం చూసిన పిల్లలకు గ్రేస్ డార్లింగ్ కథ కూడా చెప్పండి. ఇంగ్లండులో దీపస్తంభం కాపలాదారు కూతురు ఆమె. 1838లో ఫర్ఫార్‌షైర్ ఓడ బద్దలైనప్పుడు తండ్రితో కలిసి తుపాను సముద్రంలో తెడ్డు వేసి ప్రాణాలు కాపాడింది.

ఊరి వైపు నుంచి ఈ విభాగంలో నిలబడగలిగేవి రెండే. ఒకటి కార్తీక పౌర్ణమి బోయిత వందనం. మన ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదిలే నెలలోనే ఒడియావారు అరటి దొప్పలతో పడవలు చేసి వదులుతారు. జావా, బాలి వైపు వెళ్లిన సాధవుల, అంటే నాటి ఒడియా సముద్ర వర్తకుల, తలపు అది. ఆ వేళే ఎందుకంటే, అప్పటికి గాలి దిశ మారి ఈశాన్యం నుంచి వీస్తూ ఆ ప్రయాణానికి అనువవుతుంది. రెండోది విశాఖ దగ్గర 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ దాడిలో మునిగిందని మన నౌకాదళం అంటుంది, ఘాజీ తానే పరిచిన మందుపాతర లేక లోపలి పేలుడే కారణమని పాకిస్తాన్ అంటుంది.

ఇంకో సంగతి చూడకుండా ప్రశ్నలు కూర్చకూడదు. లోకం ప్రశ్నలు ఇంట్లో పుస్తకాలు, ఫోను ఉన్న పిల్లలకు కలిసొస్తాయి. ఊరి ప్రశ్నలు నాయనమ్మ దగ్గర కూర్చుని కబుర్లు వినే పిల్లలకు, పొలానికీ అడవికీ వెళ్లే పిల్లలకు కలిసొస్తాయి. బహుమతులన్నీ ఎప్పుడూ ఒకే ఇళ్లకు వెళుతుంటే తప్పు ప్రశ్నపత్రానిదే. ఉద్యోగ పరీక్షలకు చదివే పెద్ద పిల్లల సంగతి వేరు, వారికి బిట్ల పుస్తకం తప్పదు. ఏడో తరగతి లోపు పిల్లలకైతే కట్టడాలు, తిండి విభాగాలు ఊరివే పెట్టండి. హైస్కూలు వారికి ఓడల విభాగం వాసాతో మొదలుపెట్టి ఘాజీతో ముగించండి. ఘాజీ ప్రశ్నకు ఒకే జవాబు కోరకండి. రెండు వాదనలనూ సరిగా చెప్పిన జట్టుకు పూర్తి మార్కులు, ఒక్కటే చెప్పిన జట్టుకు సగం ఇవ్వండి.